క్లాసు వేళ వెలిగే ఎర్ర లైటు

జూన్ 3

అక్కాయ్,

పార్సిల్ కంటే ముందే ఈ ఉత్తరం చేరాలని పరుగెత్తుకెళ్ళి పోస్టు చేస్తున్నాను. నీ సంగతి నాకు తెలుసు. పెట్టె విప్పగానే కాగితాలన్నీ పక్కన పారేసి, చేతికందిన ప్లగ్గులో చేతికందింది దూర్చేస్తావు.

అందులో మూడు తెల్ల పెట్టెలుంటాయి, ఒక్కోటి సబ్బుబిళ్ళంత. మొదటిది ముందు గదిలో పెట్టు, ఇంటర్నెట్ తీగ వచ్చే చోట. రెండోది మధ్య గదిలో. మూడోది నీ క్లాసు గదిలో. మామూలు వైఫై మీ ఇంటి రాతి గోడల దగ్గరే చతికిలబడుతుంది. ఇవి అలా కాదు. గాలిలో దారి దొరక్కపోతే గోడలో ఉన్న కరెంటు తీగనే పట్టుకుని వెనక గదికి చేరతాయి. కొత్త తీగ లాగక్కర్లేదు, గోడ తొలవక్కర్లేదు. పెట్టె మీద పచ్చ లైటుంటే అంతా బాగున్నట్టు. ఎర్ర లైటు వెలిగితే తీగలో ఏదో అడ్డం పడినట్టు.

ఒక్కటి గుర్తుంచుకో. గోడ ప్లగ్గులోనే పెట్టు, ఎక్స్‌టెన్షన్ బోర్డులో వద్దు. ఈ మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాలనుంది గానీ నీ చెవిలో కట్టి లాభం లేదు కాబట్టి కింద గీత గీసి రాస్తున్నాను.

ఈ పెట్టెలు మా షాపులో నేనే అమ్ముతాను, నేనే వెళ్ళి బిగిస్తాను. ఇంతవరకు ఒక్కరూ తిరిగి తెచ్చివ్వలేదు. ఆ సంగతి బావకు ప్రత్యేకంగా చెప్పు. చెయ్యి ఎలా ఉంది ఆయనకు?

నీ పొట్టోడు

జూన్ 9

ఒరేయ్ పొట్టోడా,

ఆరడుగులు పెరిగి గుమ్మం తగలకుండా లోపలికి రాలేవు, ఇంకా పొట్టోడని సంతకం పెడతావు. బాగుంది, మార్చకు.

పెట్టెలు గోడ ప్లగ్గుల్లోనే పెట్టాను. మూడూ పచ్చగా వెలుగుతున్నాయి. నిన్న కొత్త గదిలోంచి మొదటి వీడియో క్లాసు తీసుకున్నాను. ఇన్నాళ్ళూ ముందు గదిలో, వచ్చేపోయేవాళ్ళ మధ్య కూర్చుని సైగలు నేర్పాను. ఇప్పుడు నాకంటూ ఒక గది, ఒక తలుపు. వెనకాల నీలం తెర వేలాడదీశాను, మీ బావ చెయ్యి బాగున్నప్పుడు కుట్టినది. నునుపుగా, పువ్వూ గీతా లేకుండా ఉండాలన్నాను అప్పట్లో. వెనక ఏదైనా ఉంటే నా చేతులు తేటగా కనిపించవు మరి.

పిల్లలంతా నాలాగే పుట్టుకతో వినపడనివాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలకు మాత్రం అన్నీ వినపడతాయి, సొంత బిడ్డ భాషే రాదు. వాళ్ళకు నేర్పుతుంటే మన అమ్మ గుర్తొస్తుంది. నన్ను హాస్టలు బడిలో వదిలొచ్చాక నీ చేత పెన్సిలు పట్టించి నాకు ఉత్తరాలు రాయించింది. అలా నీకు అక్షరాలొచ్చాయి. సైగలు మాత్రం ఇప్పటికీ రాలేదు, ఈగలు తోలుకున్నట్టే ఉంటాయి నీవి. అందుకే ఉత్తరమే రాయి. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటావు.

మీ బావ చెయ్యి అలాగే ఉంది. పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. కుడిచేత్తో చెంచా పట్టుకుంటున్నారు, సూది పట్టలేరు. వ్యాయామానికిచ్చిన రబ్బరు బంతి మంచం కిందికి దొర్లిపోతే తీసివ్వమని కూడా అడగలేదు. షాపు మూసి తెచ్చిన కుట్టు మిషను పెరటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆయనకు నేను పెట్టిన సైగ పేరు నీకు తెలుసుగా, సూదిలో దారం ఎక్కించడం. మొన్న అలా పిలిస్తే, ఆ పేరు ఇక వద్దు, ఇంకేదైనా పెట్టు అన్నారు. ఏం పెట్టను? ఇప్పుడు భుజం తట్టి పిలుస్తున్నాను.

నీ పెట్టెలు చూసి, మా బావమరిది సామానా, అయితే నెల కూడా ఆగవు అన్నారు. ఆయన ఎగతాళి చేసి చాలాకాలమైంది. నాకు సంతోషమే వేసింది.

అక్క

జూన్ 20

పొట్టోడా,

మీ బావ జోస్యం ఫలించింది. నీ పెట్టె నన్ను నట్టేట ముంచుతోంది.

మధ్యాహ్నం క్లాసు మొదలైన కాసేపటికి పచ్చ లైటు ఎర్రబడుతుంది, అవతలివాళ్ళ ఫోన్ల తెర మీద నేను బొమ్మలా నిలిచిపోతాను. మాట్లాడే టీచర్లకైతే బొమ్మ ఆగినా గొంతు వస్తుంది, ఎలాగో నెట్టుకొస్తారు. నాకు చేతులే గొంతు.

మొన్న ‘చాలు’ నేర్పుతున్నాను. అరచెయ్యి ముందు దగ్గరికి తెచ్చి, తర్వాత బయటికి తోయాలి. దగ్గరికి తెచ్చి ఆపేస్తే అది ‘ఇంకా’ అవుతుంది. సరిగ్గా అక్కడే బొమ్మ ఆగింది. క్లాసులో ఉన్న ఒకమ్మ ఆ సగం సైగే ‘చాలు’ అనుకుని కొడుక్కి నేర్పేసింది. వాళ్ళాయనేమో అంతకుముందు క్లాసులో ‘ఇంకా’ నేర్చుకున్న మనిషి. పిల్లాడు పొట్ట నిండి ‘చాలు’ అంటుంటే, ఆయన ‘ఇంకా’ అనుకుని పెడుతూనే ఉన్నాడు. చివరికి వాడు కక్కుకున్నాడు. మొగుడూ పెళ్ళాలు నీదంటే నీదని తగువు. ఇద్దరిదీ కాదు, నాదే అని ఒప్పుకునేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

క్లాసులు పంచే మేడమ్ నిన్న రాసింది. జూలై ఆఖరు దాకా చూస్తారట. అప్పటికీ బొమ్మ ఇలాగే ఆగుతుంటే నా పిల్లలను వేరే టీచరుకు ఇచ్చేస్తారట. ఆవిడ తప్పేమీ లేదు. మీ బావ షాపు మూశాక ఇల్లు నా పని మీదే నడుస్తోందని నీకు తెలుసు. అది ఒక ఎత్తు. ఈ పిల్లలు నావాళ్ళురా. వాళ్ళని వదులుకోలేను.

నీ పెట్టెకు ఏమైందో చెప్పు.

అక్క

జూన్ 24

అక్కాయ్,

కంగారు పడకు. దాని పని నేను పడతాను.

పాత మోటారు ఏదైనా అదే తీగ మీద తిరిగితే తీగలో రొద పుడుతుంది. మన చెవికి వినపడేది కాదు, పెట్టెలకు మాత్రమే తెలిసేది. ఆ రొదలో నీ బొమ్మలు దారి తప్పుతాయి. మిక్సీ, డ్రిల్లు, నీళ్ళ పంపు, జుట్టు ఆరబెట్టుకునేది, ఇలాంటివి ఆ వేళ ఎవరు వాడుతున్నారో చూడు. నీ ఫోన్‌కు ఒక అనుమతి పంపాను, ‘సరే’ నొక్కు. అక్కడ లైటు ఎర్రబడితే ఇక్కడ నా ఫోన్లోనూ తెలుస్తుంది.

ఆ పిల్లాడి సంగతి చదివి నవ్వాను. క్షమించు. తర్వాత నవ్వలేదు.

పొట్టోడు

జూన్ 29

పొట్టోడా,

ఇల్లంతా గాలించాను. మిక్సీ ఆ వేళ ఎవరూ ముట్టుకోరు. పంపు పొద్దున్నే కట్టేస్తాను. డ్రిల్లు మన ఇంటా వంటా లేదు. కుట్టు మిషనుకు పక్కన చిన్న మోటారుంది గానీ అది దుప్పటి కిందే ఉంది. రోజూ సాయంత్రం వెళ్ళి చూస్తున్నాను, మడత కూడా చెదరలేదు. ఆ వేళ ఇంట్లో ఉండేది నేనూ మీ బావే. నేను తలుపేసుకుని క్లాసులో ఉంటాను, ఆయన పెరట్లో నడుం వాలుస్తారు.

ఒక్క మంచి మాట చెప్పనా? ఆయన నా క్లాసు వేళలు నాకంటే బాగా గుర్తుపెట్టుకుంటున్నారు. టైమైంది, లేలే అని తరుముతారు. తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్తారు. నా పని మీద ఇంత శ్రద్ధ ఎప్పుడూ చూడలేదు. బొమ్మ ఆగిపోతోందని ఆయనకు చెప్పలేదు. అసలే దిగులు మనిషి, దీనికి కూడా దిగులు పడతారు.

ఇంకేదైనా ఉపాయం చూడు. రోజులు పోతున్నాయి.

అక్క

జూలై 4

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

రోజూ నా ఫోన్లో చూస్తున్నాను. నీకు క్లాసుంటేనే ఎర్ర గుర్తు. సెలవు రోజు పొద్దస్తమానం పచ్చే. క్లాసు నడిచినంతసేపు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, అయ్యాక పచ్చే. మొన్న నీ క్లాసు ముందుకు జరిగితే ఎర్ర గుర్తు కూడా ముందుకు జరిగింది. మోటారుకు నీ క్లాసు వేళలు తెలియవక్కా. మనిషికి తెలుస్తాయి.

ఇంట్లో ఉండేది ఇద్దరే అని నువ్వే రాశావు. వేళ గుర్తుపెట్టుకుని, తరిమి, తలుపు వేసి వెళ్తున్నాడని కూడా నువ్వే రాశావు. ఒంటిచేత్తో ఇల్లు నడిపిన మనిషి. ఇప్పుడు భార్య సంపాదిస్తే కడుపు మండదా? మధ్య గది పెట్టె పీకేసి, నువ్వు వచ్చేలోపు మళ్ళీ పెట్టేస్తున్నాడు. నీకు వినపడదన్న ధీమా. నా మాట తప్పయితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. ఒక్కసారి క్లాసు మధ్యలో లేచి వెళ్ళి చూడు.

పొట్టోడు

జూలై 8

తమ్ముడూ,

నాకు వినపడదని ఆయన ఒక్కనాడూ నా వెనక నుంచి మాట్లాడలేదు. బయటి నుంచి వస్తే గది లైటు ఒకసారి ఆర్పి వెలిగించి గానీ లోపలికి రారు, నేను ఉలిక్కిపడతానని. పెళ్ళికి ముందే నా భాష నేర్చుకున్నారు, ఒకే ఇంట్లో పుట్టిన నీకు రాని భాష. అలాంటి మనిషి మీద అంత మాట రాయడానికి నీకు చెయ్యి ఎలా ఆడింది?

నీ ఉత్తరం చింపేశాను. చదివిన మాటలు చింపలేను కదా. నిన్న భోజనం దగ్గర ఆయన్ని దొంగచూపు చూశాను, ఏమైనా దాస్తున్నారేమోనని. జీవితంలో మొదటిసారి. అందుకు నిన్ను క్షమించను.

అక్క

జూలై 11

పొట్టోడా,

నువ్వన్నట్టు మనిషే. నువ్వనుకున్న మనిషే. నువ్వనుకున్న పని మాత్రం కాదు.

నిన్న క్లాసు మధ్యలో బొమ్మ ఆగింది. రెండు నిమిషాల్లో వస్తానని వాళ్ళకు రాసి లేచాను. మధ్య గది పెట్టె దాని చోటనే ఉంది, ఎర్రగా. వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళాను. పెరటి గది తలుపు ఓరగా ఉంది.

మీ బావ మిషను ముందు కూర్చుని ఉన్నారు. కుడిచేతి వేళ్ళు విడిపోకుండా గుడ్డపేలికతో కట్టుకున్నారు. ఎడమచేత్తో గుడ్డ తోస్తూ, కుడిచేత్తో దారి చూపిస్తూ, పాత గుడ్డ మీద తిన్నగా ఒక్క వరస కుట్టాలని ఆయన ప్రయత్నం. సగం దాకా తిన్నగా వచ్చి తర్వాత పక్కకు జారిపోతోంది. ఆపి, గుడ్డ బయటికి తీసి, వెలుతురుకు పట్టి చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టారు. నాలుక కొస పంటికింద పెట్టుకున్నారు. ఏదైనా కష్టమైన కుట్టు వస్తే అలాగే పెట్టుకునేవారు, ఆ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. దుప్పటి మాత్రం ఇస్త్రీ చేసినట్టు మడిచి కుర్చీలో పెట్టుకున్నారు. పని అయ్యాక మళ్ళీ అవే మడతల మీద కప్పేస్తారన్నమాట, నేను రోజూ చూసి నమ్మిన మడత అదేరా.

నాకు వినపడదని కాదు. నాకు కనపడకూడదని. వస్తుందో రాదో తెలియని పనిని నాకు చూపించడం ఆయనకు ఇష్టం లేదు. అందుకే నేను తలుపేసుకున్న వేళ చూసుకున్నారు. చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. చప్పుడు చేశానో లేదో నాకెలా తెలుస్తుంది, చేయలేదనే అనుకుంటాను.

ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యను? మీ మోటారు వల్ల నా క్లాసు ఆగుతోందంటే ఆ క్షణమే ఆపేస్తారు. నాకు అడ్డమని తెలిశాక ఈ జన్మలో ఆ దుప్పటి తీయరు. చెప్పకపోతే నెలాఖరుకు నా పిల్లలు పోతారు. మెసేజ్ పెట్టకు, ఫోను ఇద్దరం వాడతాం. నా ఉత్తరాలు ఆయన ముట్టుకోరు.

క్షమించను అన్నాను కదా, దాన్ని సగం తీసుకో. ఆయన్ని దొంగచూపు చూసింది నా కళ్ళే.

అక్క

జూలై 15

అక్కా,

నీ ఉత్తరం షాపులో చదివాను. బావను ఎంత మాట అన్నాను! నా నోట్లో నుంచి వచ్చినదైతే నోరు కడుక్కునేవాణ్ణి, చేత్తో రాసిన మాట ఎలా కడగను?

ఏడుస్తూ కూర్చుంటే నెలాఖరు ఆగదు కాబట్టి పని మాట చెబుతాను. మిషను ప్లగ్గుకు రొద వడపోసే పెట్టె ఒకటి తగిలించవచ్చు, కానీ అది చూడగానే బావకు విషయం తెలిసిపోతుంది. ఇంకో దారి, ముందు గది నుంచి నీ గదికి మామూలు కేబుల్ లాగడం. గోడలు తొలవాలి, రెండు రోజుల పని. దానికి మోటారు రొద అంటదు. ఆయన ఎంతసేపైనా కుట్టుకోవచ్చు.

ఇన్నాళ్ళూ పెట్టెలు బాగున్నాయన్న ఇంట్లో ఇప్పుడు గోడ ఎందుకు తొలుస్తున్నావని బావ అడుగుతాడు. నా సామానే నాసిరకం అని చెబుతాను. నా వ్యాపారం మీద నేనే మన్ను పోసుకుంటాను. నువ్వు మధ్యలో నవ్వి చెడగొట్టకు.

వచ్చే వారం శనివారం వస్తున్నాను. డ్రిల్లు నేనే తెస్తాను.

పొట్టోడు

జూలై 28

అక్కాయ్,

క్షేమంగా చేరాను. ఒళ్ళంతా రాతిపొడి, రెండుసార్లు స్నానం చేసినా పోలేదు.

బావ అన్నదంతా నీకు సైగల్లో చెప్పాడో లేదో, నేను రాస్తాను. నేను నిచ్చెన ఎక్కి ఉన్నాను, ఆయన కింద ఎడమచేత్తో పట్టుకున్నాడు. “ఏం బావమరిదీ, ఇంతవరకు ఒక్కరూ తిరిగివ్వలేదన్నావట. మేమే బోణీనా?” అన్నాడు. “అవును బావా, పాడు సరుకు” అన్నాను. “మరి ఊళ్ళోవాళ్ళకు ఎలా అంటగడుతున్నావయ్యా?” అన్నాడు. గోడకు ఇంకో కన్నం వేశాను. “ఇంత రాతి గోడ చూసి కూడా గాలిలో పంపుతానన్నావంటే, నీ తెలివికి దండం పెట్టాలి” అన్నాడు. నా పెట్టెల తరఫున నోటిదాకా వచ్చిన జవాబులన్నీ మింగేశాను. ఇంకెవరైనా అంటే ఊరుకునేవాణ్ణి కాదు. బావ అంటుంటే, అను బావా, ఇంకా అను అనిపించింది.

ఆయన చొక్కా మోచేతి దగ్గర తెల్లదారం ముక్క ఒకటి అంటుకుని ఉంది. చూడనట్టు గోడ వైపు తిరిగాను. రాతిపొడి కళ్ళలో పడిందని తుడుచుకున్నాను.

ఒకటి అర్థం కాలేదు. కేబుల్ వేశాక పెట్టెలు తీసుకుపోతానంటే రెండు ఉంచేయమన్నావు. వాటితో పనేమిటంటే నవ్వి ఊరుకున్నావు. ఆ రెండింటి వల్ల నీ క్లాసు వేళ నా ఫోన్లో మీ ఇల్లు ఇప్పటికీ ఎర్రగా కనిపిస్తోంది. బస్సులో పక్క సీటు ఆవిడ చూసి, ఆ ఇల్లు బాగుచేయరా అంది. బాగానే ఉందన్నాను.

రోజుకో సైగ నేర్చుకుంటున్నాను. ఈసారి వచ్చినప్పుడు పరీక్ష పెట్టు.

పొట్టోడు

ఆగస్టు 9

ఒరేయ్ పొట్టోడా,

పిల్లలు నా దగ్గరే ఉంటారని మేడమ్ రాసేసింది. ఈ పాటికి నువ్వు గెంతుతూ ఉంటావు, గుమ్మం చూసుకో. ‘చాలు’ మళ్ళీ మొదటి నుంచి నేర్పాను. ఈసారి ఆ మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నేర్చుకున్నారు. పిల్లాడు మధ్యలో కూర్చుని వాళ్ళ తప్పులు దిద్దాడు.

రెండు పెట్టెలు ఎందుకని అడిగావు. ఒకటి ముందు గదిలో ఉంది, ఒకటి నా బల్ల దగ్గర. క్లాసుకు వాటితో ఏ పనీ లేదు. పెరట్లో మిషను తిరిగితే మీ చెవికి తెలుస్తుంది. నాకు తెలిసే దారి ఇదొక్కటే. మునుపు ఆయన కుడుతుంటే మిషను బల్ల మీద అరచెయ్యి ఆనించి కూర్చునేదాన్ని, కుట్టంతా చేతిలోకి వచ్చేది. ఇప్పుడు ఆయనది దొంగచాటు వ్యవహారం, దగ్గరికి వెళ్ళే వీల్లేదు. అందుకని పాఠం చెబుతూ ఓరకంట ఎర్ర లైటు చూసుకుంటాను. కేబుల్ వేసిన కొత్తలో ఇలా వెలిగి అలా ఆరేది, వెంటనే దిగులేసేది. ఇప్పుడు పాఠం సగమయ్యేదాకా ఆరడం లేదు. అంతసేపు కూర్చోగలుగుతున్నారు. బస్సులో ఆవిడతో ఇల్లు బాగానే ఉందన్నావు కదా, మంచి మాట చెప్పావు.

ఆయన నాకు ఎప్పుడు చూపిస్తారో తెలియదు. చూపించకపోయినా ఫరవాలేదు అని రోజూ అనుకుంటాను, అబద్ధమే. నాకు చూడాలని ఉంది.

ఇవాళ ఆదివారం. క్లాసు లేదు, నా గది తలుపు తీసే ఉంది, నేను బల్ల దగ్గర నీకు ఉత్తరం రాసుకుంటున్నానని ఆయనకు తెలుసు. ఇక్కడిదాకా రాసి తలెత్తితే పెట్టె మీద ఎర్ర లైటు. ఆగు, వెళ్ళి చూసొస్తాను.

వెళ్ళొచ్చాను. పెరటి గది తలుపు బార్లా తెరిచి ఉంది. నా నీడ పడితే తలెత్తి చూశారు. దుప్పటి కోసం చెయ్యి చాపలేదు. ఉత్త చేతులతో సూదిలో దారం ఎక్కించినట్టు చూపి, పాత పేరుతోనే పిలిచాను. వద్దనలేదు. పక్కనున్న స్టూలును కాలితో నా వైపు తోశారు.

కూర్చుని బల్ల మీద అరచెయ్యి పెట్టాను. కుట్టు మునుపటిలా పరుగెత్తడం లేదురా. కాస్త వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పెడలు మీద నుంచి కాలు తీసి, వేళ్ళకు కట్టుకున్న పేలిక విప్పి, కుడి అరచెయ్యి దగ్గరికి తెచ్చి బయటికి తోశారు. ‘చాలు’ అన్నారు, ఏడుపు ఆపమని. చెయ్యి వణికింది గానీ చివరిదాకా తోశారు.

నేను చెయ్యి దగ్గరికి తెచ్చి అక్కడే ఆపాను. ‘ఇంకా’ అన్నాను. పేలిక మళ్ళీ నేనే కట్టాను.

నాలుగు ముక్కలు రాసి ముగిద్దామని బల్ల దగ్గరికి వచ్చాను. రాస్తున్నంతసేపూ లైటు ఆరలేదు. నీ ఫోన్లో కూడా చూసుకో.

అక్క